పదకొండు రేకులు

ప్రాణహిత మీద నుంచి వచ్చే గాలికి
రంగు డబ్బాలో దుమ్ము పడుతుందని
బురుజు మాటున కూర్చుని రాస్తున్నాను.
పదకొండు రేకులు. అక్షరానికి మూడు రూపాయలు.
సిరొంచ నుంచి టెంపోలో నాతోపాటే వచ్చాయి
గతుకుల దారంతా ఒకదాన్నొకటి తన్నుకుంటూ.

కాపలావాడు దుర్గం రాజేరు.
"ఇంటిపేరు కోట," అంటాడు,
"ఇల్లు రేకుల కొట్టం."

డిపార్ట్‌మెంటు కాగితంలో
నాగరి లిపిలో పేర్లు, పక్కన నంబర్లు.
తప్పు రాస్తే రేకు ఖరీదు నా మీదే.

మూడో నంబరు అంబర్‌ఖానా.
మరాఠీలో ధాన్యపు కొట్టు.
లోపలికెళ్ళి తలెత్తితే కప్పు లేదు,
ఉన్నదంతా అంబరమే, అందులో ఒక గద్ద.
ఈ ఒక్క బోర్డూ రెండు భాషల్లోనూ నిజం చెబుతుంది.

అయిదోది దారూకోఠార్, మందు దాచిన చోటు.
రాజేరు పగిలిన సీసాలు ఊడుస్తూ
"ఇంక గీడనే దాస్తున్నరు" అన్నాడు.
నవ్వలేదు.

హత్తీఖానాకి ఏనుగు పట్టేంత వాకిలి లేదు.
మేకలు పట్టాయి.
నగారాఖానాకి మెట్లు ఏడే మిగిలాయి.
ఎనిమిదో దాని కోసం లేచిన కాలిని
మెల్లగా వెనక్కి తెచ్చుకున్నాను.

ఎనిమిదో రేకు ఎత్తగానే రాజేరు నా మణికట్టు పట్టుకున్నాడు.
"దీని మీద ఏమున్నది?"
రాణీ మహల్.
"ఏ రాణి?"
కాగితంలో లేదు.
"గిది మా అక్క అర్ర."

పెద్ద వరద వచ్చిన ఏడు
గోదారి ఎదురు తన్నితే
ప్రాణహిత వెనక్కి తిరిగి ఊళ్ళోకి నడిచొచ్చిందట.
ఊరంతా కోటెక్కింది,
కోళ్ళతో, గింజల మూటలతో,
మెడలో తాడు నానిపోయిన లేగదూడతో.
ఈ మూలకి రెండు చీరలు అడ్డం కట్టి
వాళ్ళమ్మని పడుకోబెట్టారు.
వెదురు బద్దతో బొడ్డు కోశారు.
మూడు రోజులకి నీళ్ళు తీశాయి, పిల్ల నిలిచింది.
దుర్గం దుర్గక్క.
ఇంటిపేరుతో కలిపి పిలిస్తే రెండు కోటలు.

ఇప్పుడు ఆమె వంతెన దాటి
అవతలి రాష్ట్రంలో మిరప తోటల్లో కూలి.
వచ్చినప్పుడల్లా ఈ అర్రలోకొచ్చి
నేల మీద చెయ్యి ఆనించి పోతుందట,
ఘాటు ఇంకా వదలని చెయ్యి.

కాగితం ప్రకారం రాణీ మహల్ అనే రాశాను.
నాకూ ఇల్లుంది, పిల్లలున్నారు.
ఆరాక రేకు తిరగేశాను.

నేను బడిలో చదివింది మరాఠీ.
తెలుగు నాకు చెన్నూరు బస్సుల నుదుటి మీద నుంచి వచ్చింది,
అదీ బస్సు ఆగినంతసేపే.
ర్గ దగ్గర చెయ్యి తడబడింది.
డబ్బా అడుగున మిగిలిన పసుపుతో
దుర్గక్క అర్ర
అని రాశాను, బిల్లుకెక్కని అయిదు అక్షరాలు.
గోడకి బిగిస్తే చదువుకునేవి బల్లులే.

రాజేరుకి చదువు రాదు.
"గింత పొడుగుంటదా మా అక్క పేరు" అని
జానతో కొలిచాడు.
చిటికెన వేలికి పసుపు అంటింది. తుడుచుకోలేదు.

ఆఖరి రేకుకి వచ్చేసరికి పొద్దు వాలింది.
రెండున్నర గోడలు, ఒక గూడు,
గూట్లో దీపం మసి,
పక్కనే రాజేరు సద్ది గిన్నె.
కాగితంలో: అజ్ఞాత వాస్తు.

"గిదేం రాస్తున్నవ్?"
"ఇదేంటో తెలియదని."

అతను చాలాసేపు ఆ గోడల్ని చూశాడు,
నన్ను చూశాడు, కుంచెని చూశాడు.
"తెల్వదని గింత పెద్దగ రాసుడెందుకే?
ఊకుంటే పోదా?"

అప్పటికే అ, జ్ఞా ఆరిపోయాయి.
మిగతావి కూడా రాసేశాను.
ఇవీ అయిదు అక్షరాలే.
పదిహేను రూపాయలు.